ప్రథమ శ్రేణి ఇల్లు

ఇంటి పన్ను నోటీసు వచ్చిన రోజు మా మామయ్య దాన్ని నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి పైకే చదివాడు.

"నిర్మాణ నాణ్యత: ప్రథమ శ్రేణి. విన్నావుటే? ప్రథమ శ్రేణిట!"

వంటింట్లోంచి అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి కాగితం అందుకుంది. ఆవిడ చూపు ఆ వరస దగ్గర ఆగలేదు. తిన్నగా కిందికి, అంకె ఉన్న చోటికి దిగింది. పోయినేడు కట్టినదానికి దాదాపు మూడింతలుంది.

"విన్నాను. బాదుడు కూడా ప్రథమ శ్రేణిలోనే ఉంది," అంది.

మామయ్య తాపీమేస్త్రి. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు కడుతూ, మధ్యలో దొరికిన ఆదివారాల్లో తన ఇల్లు తను కట్టుకున్నాడు. కింది భాగానికే తొమ్మిదేళ్ళు పట్టిందట. మా పెళ్ళికి ముందే పైన రెండు గదులు వేశాడు. వాటిలో నేనూ మా ఆవిడా ఉంటాం. మా ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. నేను కారు డ్రైవింగ్ నేర్పుతాను. పక్క సీట్లో కూర్చుని, నేర్చుకునేవాళ్ళు ఏ గోడనో గుద్దేలోపు నా కాలికింద ఉండే రెండో బ్రేకు తొక్కడమే నా బతుకుతెరువు. పదేళ్ళ అలవాటు కదా, ఎక్కడ ఎవరు తప్పుదారిలోకి పోతున్నా నా కుడికాలు దానంతటదే నేలని నొక్కేస్తుంది.

అత్తయ్య ఆస్పత్రి రికార్డుల గదిలో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తోంది. కాగితం మీద లేనిది జరగనట్టేనని ఆవిడ సిద్ధాంతం. ఇంట్లోనూ అంతే. గొడుగు బాగుచేయించిన చీటీ కూడా ఆవిడ దగ్గర పదిలంగా ఉంటుంది. అలాంటి మనిషికి నోటీసు అడుగున చీమతలకాయంత అక్షరాల్లో "ముప్ఫై రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చును" అన్న ముక్క కనపడకుండా ఎలా ఉంటుంది?

"అప్పీలు చేద్దాం," అంది.

"ఎందుకే? వాళ్ళు బాగుందని రాస్తే మనం కాదని దెబ్బలాడాలా?"

"బాగుందని ఊరికే రాయలేదండీ, బాగున్నందుకు కట్టమని రాశారు. బాబూ, నువ్వే చెప్పు."

ఆ ఇంట్లో ఏ వ్యాజ్యం వచ్చినా చివరికి నా దగ్గరికే వస్తుంది. కూతురి మాట ఇద్దరూ వినరు, అల్లుడు కాబట్టి నన్ను ఇద్దరూ మొహమాటానికైనా అడుగుతారు. కానీ ఆ రోజు నాకు నోరు పెగల్లేదు. ఎందుకంటే నోటీసులో ఇంకో వరస చూశాను. "పై అంతస్తు: అద్దెకు ఇవ్వబడినది."

అది నా పుణ్యమే.

రెండు నెలల కింద ఓ మధ్యాహ్నం కొలతలు తీసుకోవడానికి పన్నుల ఆఫీసునుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. పైన ఎవరుంటారని అడిగితే నేనేనన్నాను. సొంతమా, అద్దెకా అన్నాడు. నేను నవ్వుతూ, "అద్దెకున్నట్టే లెండి, ఏ తప్పు జరిగినా ఇంటివాళ్ళకి సంజాయిషీ చెప్పుకోవాలి," అన్నాను. అతను నవ్వలేదు. రాసుకున్నాడు.

మా ఆవిడకి చెబితే తలగడలో మొహం దాచుకుని నవ్వింది. "నేను చెప్పను. నువ్వే చెప్పుకో," అంది. ఈరోజు, రేపు అనుకుంటూ నేను చెప్పలేదు.

ఆ ఆదివారం అత్తయ్య నోటు పుస్తకం, పెన్సిలు పట్టుకుని ఇంటి లోపాలు రాయడానికి బయల్దేరింది. కొలత టేపు రెండో కొస పట్టుకునే పని నాది. మామయ్యని ఎవరూ పిలవలేదు. ఆయన మా వెనకే వచ్చాడు.

"వంటింటి గోడకి చెమ్మ," అంది అత్తయ్య.

"అది చెమ్మ కాదు, నీడ."

"పొద్దున్నా సాయంత్రం ఒకే చోట ఉండే నీడా? స్నానాల గది టైల్స్ ఒకదానికీ ఒకదానికీ పొత్తు లేదు."

"దాన్ని డిజైన్ అంటారు. డబ్బిచ్చి చేయించుకుంటున్నారు జనం."

"మెట్లలో ఏడోది మిగతావాటికంటే అంగుళం ఎత్తు."

"అది కావాలనే పెట్టాను. దొంగ వస్తే తట్టుకుని పడతాడు."

"దొంగ రాలేదు. మీ చెల్లెలు పడింది."

నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను. మా ఆవిడ మెట్లమీదే కూలబడి నవ్వింది. మామయ్య కూడా మొదట్లో సరదాగానే ఉన్నాడు. కానీ పెరటి గుమ్మం దాకా వచ్చేసరికి జాబితా పుస్తకంలో రెండో పేజీకి తిరిగింది. ఆయన మాటలు తగ్గాయి. మంగళవారం అత్తయ్య దాన్ని ఆఫీసులో టైపు చేయించి తెచ్చి బల్లమీద పెట్టింది. మొత్తం ఇరవై మూడు లోపాలు, వరస నంబర్లతో సహా.

మామయ్య దాన్ని ఒకటినుంచి ఇరవై మూడు దాకా చదివాడు.

"ఇన్ని తప్పుల మధ్య ఇన్నేళ్ళు ఎలా కాపురం చేశావే?" అన్నాడు. గొంతులో వేళాకోళం లేదు. లేచి మేడ మీదికి వెళ్ళిపోయాడు.

అత్తయ్య కాగితాలు సర్దుతూ ఉండిపోయింది. మా ఆవిడ నా చేతిలో టీ గ్లాసు పెట్టి కళ్ళతోనే పైకి వెళ్ళమంది.

మామయ్య పిట్టగోడమీద కూర్చుని ఉన్నాడు. ఆయన చేతులు చూస్తే ఎవరైనా మేస్త్రి అని చెప్పేస్తారు. సిమెంటు తిన్న వేళ్ళు, ఎన్నిసార్లు కడిగినా తెల్లగానే ఉండే గోళ్ళు. టీ తీసుకుని చాలాసేపు తాగలేదు.

"అల్లుడూ, కొత్త ఇంట్లో దిగేరోజు ఇంటాయన చుట్టాలకి ఇల్లంతా తిప్పి చూపిస్తాడు, గమనించావా? ఈ తలుపులు ఫలానా వడ్రంగి చేశాడు, ఈ రంగు ఫలానా చోటునుంచి తెప్పించాం అంటాడు. గోడ చూపించేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. గోడ వంకరగా ఉంటేనే మేస్త్రి గుర్తొస్తాడు. తిన్నగా ఉంటే అది గోడ, అంతే."

"నిజమే మామయ్యా."

"ముక్కూమొహం తెలియని వాడెవడో వచ్చి, చూసి, ప్రథమ శ్రేణి అని రాసి, ముద్రేసి ఇచ్చాడు. మీ అత్తయ్య దాన్ని కొట్టించేస్తానంటోంది." టీ ఒక గుక్క తాగాడు. "బట్టీలోంచి వేడివేడిగా దిగిన ఇటుక పెట్టి కట్టాను ఈ ఇల్లు. కలపా కొత్తదే. ఊళ్ళో ఎవర్నైనా అడుగు."

ఊళ్ళో ఎవరినీ అడగక్కర్లేదు. ఆ ముక్క ఆయన నోట నేను పెళ్ళిచూపులనాటినుంచీ వింటున్నాను. అద్దె సంగతి అప్పుడే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మళ్ళీ మింగేశాను.

విచారణ మూడు వారాల తర్వాత పడింది. పొద్దున్నే బయల్దేరాం. మా ఆవిడకి సెలవు దొరకలేదు. అత్తయ్య చేతిలో పెద్ద గుడ్డసంచీ, దాన్నిండా కాగితాలు. గుమ్మం దాటేముందే మామయ్య చేత మాట తీసుకుంది.

"మీరు రావచ్చు. కానీ నోరు మెదపకూడదు."

"మెదపను."

"ఇల్లు బాగుందని ఒక్క మాట అన్నారంటే కేసు పోతుంది."

"అననన్నాను కదే!"

పన్నుల ఆఫీసులో మూడో అంతస్తు. వరసగా కలిపి బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు, ఒకరు కదిలితే వరసంతా ఊగుతోంది. మాకు ముందు ఒకాయన తన కుక్క పడుకునే గూటిని పడకగదిగా రాశారని దెబ్బలాడుతున్నాడు. "పడుకునే గదే కదండీ," అంటున్నాడు గుమాస్తా నిజాయితీగా.

మా వంతు వచ్చింది. విచారణాధికారి యాభై ఏళ్ళావిడ. జలుబు చేసినట్టుంది, చేతిరుమాలు వదలట్లేదు. మా దస్త్రం తెరిచి, "ముందు తేలికైనది చూద్దాం. పై అంతస్తు అద్దెకిచ్చారని ఉంది," అంది.

"అబద్ధమండీ," అంది అత్తయ్య. "పైన ఉండేది మా అమ్మాయీ అల్లుడూ. మావాడెవడూ అలా చెప్పి ఉండడు. మీవాళ్ళే ఊహించి రాసుకున్నారు."

"ఇంట్లో ఉన్న వ్యక్తే స్వయంగా చెప్పాడని ఇక్కడ రాసుంది."

"ఎవరా వ్యక్తి?"

నేను లేచి నిలబడ్డాను. కుర్చీల వరసంతా ఊగింది. "నేనేనండీ. హాస్యానికన్నాను," అని జరిగింది జరిగినట్టు చెప్పాను.

అధికారి రుమాలు ముక్కుదగ్గర అలాగే పట్టుకుని నన్ను చూసింది. మామయ్య చూశాడు. అందరికంటే అత్తయ్య ఎక్కువసేపు చూసింది.

"ఏ తప్పు జరిగినా సంజాయిషీ చెప్పుకోవాలి అన్నావన్నమాట," అంది నెమ్మదిగా.

"అవునత్తయ్యా."

"ఇంటికెళ్ళాక చెప్పుకుందువుగాని."

గుమాస్తా దగ్గుతున్నట్టు నటించాడు. అధికారి నవ్వాపుకుంటూ ఆ వరస మీద గీత కొట్టింది. "పెళ్ళి పత్రం నకలు జతచెయ్యండి, చాలు." అత్తయ్య సంచిలోంచి అప్పటికే దాన్ని తీసి ఇచ్చింది.

"ఇక నాణ్యత శ్రేణి." అధికారి లోపాల జాబితా చదవడం మొదలుపెట్టింది. చదువుతున్నకొద్దీ తల అడ్డంగా ఊగడం కనిపించింది. ఇరవై మూడూ అయ్యాక కాగితం పక్కన పెట్టింది.

"చాలా శ్రద్ధగా రాశారండీ. కానీ ఇవన్నీ మరమ్మతు లోపాలు. చెమ్మకి మందు పూస్తే పోతుంది, మెట్టు చెక్కిస్తే సరిపోతుంది. వీటివల్ల శ్రేణి మారదు. శ్రేణి అంటే మా దృష్టిలో వాడిన సామాను. ఇటుక కొత్తదా, కలప కొత్తదా, నేలకి ఏం వేశారు, ఇంతే. మావాడు గోడలు తిన్నగా, మూలలు కత్తిరించినట్టున్నాయి, సామాను అంతా కొత్తది, మేలు రకం అని రాశాడు."

 అత్తయ్య చెయ్యి సంచీ మూతి దగ్గర ఉంది. తెరవబోయినట్టు అనిపించింది గానీ తెరవలేదు. ముప్ఫై ఏళ్ళ రికార్డుల మనిషి కాగితం అవసరమైనచోట సంచీ తెరవకపోవడమేమిటా అనుకున్నాను.

"అయితే అదే ఉంచేస్తున్నాను," అంది అధికారి కలం తీస్తూ. మాటవరసకి ఇంకో ముక్క కూడా కలిపింది. "సామాను మంచిది పడితే ఎవరు కట్టినా ఇల్లు బాగానే వస్తుంది లెండి."

నా కుడికాలు నేలని గట్టిగా నొక్కింది. ఏం లాభం? ఆ గదిలో బ్రేకు లేదు.

"ఎవరు కట్టినానా?" అన్నాడు మామయ్య.

"ఏమండీ..." అంది అత్తయ్య.

"ఉండవే. అమ్మా, మీరు చదువుకున్నవాళ్ళు, నేను కాదనను. కానీ సామానుని బట్టి ఇల్లు రాదు. ఆ ఇంట్లో కొత్త ఇటుక ఒక్కటంటే ఒక్కటి లేదు."

 గుమాస్తా తలెత్తి చూశాడు.

"లేదా?" అంది అధికారి.

"లేదమ్మా. పాత బడి కూలగొడుతుంటే బండ్లకెత్తి తెచ్చుకున్న ఇటుక అది. ఒక్కో దానికీ అంటుకున్న సున్నం గీకి, నానబెట్టి, తాపీతో కొట్టి చప్పుడు వినేవాణ్ణి. ఖంగుమన్నది గోడకి, బొద్దుమన్నది పక్కకి. వంటింటి కిటికీ మూతబడిన సినిమాహాలు టిక్కెట్ల గదిది. దాని అడుగున చిల్లర ఇచ్చే కంత ఉండేది, చెక్క పెట్టి మూశాను. ముందుగది బండలు రైల్వే స్టేషన్లో కొత్త నేల వేసినప్పుడు తీసి పారేసినవి. స్నానాల గది టైల్స్ పదకొండు ఇళ్ళలో మిగిలిన ముక్కలు. ఇనుము ఒక్కటే కొత్తది. ఇనుము దగ్గర ఆటలాడకూడదు." ఊపిరి తీసుకున్నాడు. "నాకు కొత్త ఇటుక కొనే తాహతు లేదప్పుడు. ఊళ్ళోవాళ్ళకి కొత్త ఇటుకతో కట్టేవాణ్ణి, నాకు పాతదానితో కట్టుకున్నాను. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. కానీ మూలలు తిన్నగా ఉన్నాయంటే అది ఇటుక గొప్ప కాదమ్మా."

చెప్పడం అయ్యాక ఆయన తన చేతులవైపు చూసుకున్నాడు, అవి అక్కడెందుకున్నాయో తెలియనట్టు.

అధికారి కలం కింద పెట్టింది. "రుజువేమైనా ఉందా?"

అప్పుడు అత్తయ్య సంచీ తెరిచింది. అడుగునుంచి ఒక బిస్కట్ల డబ్బా తీసింది. దాన్నిండా పసుపుపచ్చగా మారిన చీటీలు. పాత సామాన్ల కొట్టువాడివి, బడి కూల్చిన కాంట్రాక్టరువి, రైల్వే వేలంవి. తొమ్మిదేళ్ళ చీటీలు, తేదీల వరసలో, రబ్బరు బ్యాండ్లు పెట్టి.

అధికారి ఒక్కొక్కటే చూస్తూ, "ఇవి ముందే ఇచ్చుంటే ఇంత జాబితా అక్కర్లేకపోయేదిగా," అంది.

అత్తయ్య రబ్బరు బ్యాండ్లు ఒక్కొక్కటే వేలికి తొడుక్కుంది.

"సరే. పనితనానికి మా పట్టికలో గడి లేదు. సామానుకే ఉంది. దాన్నిబట్టి ఇది ద్వితీయ శ్రేణి కిందికి వస్తుంది. మావాడు ఒకసారి వచ్చి చూసి ధ్రువీకరిస్తాడు. ఇంకేమైనా చెప్పుకునేది ఉందా?"

"ఉంది," అన్నాడు మామయ్య.

ఈసారి రెండు కాళ్ళతో తొక్కాను.

"మెట్లకింద ఇంకో గది ఉందమ్మా. నా సామాన్లు పెట్టుకునేది. మీవాడు కొలవలేదు. గోడలో కలిసిపోయేలా తలుపు పెట్టాను, కనిపెట్టలేకపోయాడు."

అత్తయ్య కళ్ళు మూసుకుంది. అధికారి ఆ గది కొలతలు అడిగి రాసుకుంది.

బస్సులో వాళ్ళిద్దరూ ముందు సీట్లో, నేను వెనక సీట్లో.  అయిదో స్టాపు దగ్గర మామయ్య కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగాడు.

"ఆ డబ్బా వెంట తెచ్చుకుని కూడా ఎందుకు తియ్యలేదే? అది చూపిస్తే మొదటి నిమిషంలోనే తేలిపోయేది."

"మీరు ఊరందరికీ కొత్త ఇటుకని చెప్పుకుంటిరి. మధ్యలో నేనెలా తీస్తాను?"

"అందుకని ఇరవై మూడు లోపాలు రాశావా?"

"వాటితో సరిపోతుందేమో అనుకున్నాను. సరిపోకపోతే కట్టేద్దాం అనుకున్నాను."

మామయ్య టిక్కెట్టు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇన్నేళ్ళలో ఇల్లు బాగుందని నువ్వు ఒక్కసారి కూడా అనలేదు, తెలుసా?"

"మీరెప్పుడైనా వంట బాగుందన్నారా? రెండోసారి పెట్టించుకుంటారు, అంతే. నేనూ అదే ఇంట్లో ఉన్నాను కదా, ఎక్కడికైనా పోయానా?"

ఆయన నవ్వాడో లేదో వెనకనుంచి నాకు కనపడలేదు. భుజాలు మాత్రం కదిలాయి. తర్వాత అత్తయ్య వెనక్కి తిరిగి, "నువ్వు మాత్రం నవ్వకు బాబూ. నీ సంగతి తేలలేదింకా," అంది.

తేలింది. నెల రోజులు కూరగాయలు తెచ్చే డ్యూటీ నాకు పడింది. మా ఆవిడ జాలి కూడా పడలేదు.

పై వారం తనిఖీకి వచ్చినవాడు ఆ కుర్రాడే. నన్ను చూసి ముందే, "మీరేమన్నా రాసుకోనండీ ఈసారి," అన్నాడు. మామయ్య ముందుగదిలో బీరువా జరిపి, దాని వెనక మూరెడు మేర పూత చెక్కి చూపించాడు. లోపల నాలుగు ఇటుకలు, రెండు మూడు బట్టీలవి, అంచులు అరిగి, ఒకదాని రంగు ఒకదానికి లేదు. కానీ వాటి మధ్య సందులు గీత గీసినట్టున్నాయి. ఆ కుర్రాడు ఫోన్‌తో ఫోటో తీసి, వేలితో సందు పొడుగునా రాసి చూశాడు.

"ఆ రోజు ఈ గోడ పట్టుకుని చూశానండీ. పాతదని ఎక్కడా అనుమానం రాలేదు. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి," అన్నాడు సిగ్గుపడుతూ.

మామయ్య మొహం చూడాలి అప్పుడు. "దాందేముంది లెండి," అన్నాడు. అంటూనే అతన్ని చెయ్యి పట్టుకుని సినిమాహాలు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. తర్వాత మెట్లకింద గదికి. తర్వాత మేడమీదికి. ఏడో మెట్టు దగ్గర ముందే హెచ్చరించాడు కాబట్టి అతను పడలేదు. పావుగంట పని గంటన్నర పట్టింది.

ఉత్తర్వు పోస్టులో వచ్చింది. ద్వితీయ శ్రేణి, అద్దె లేదు, మెట్లకింద గది కలిపారు. పోయినేటికంటే కాస్త ఎక్కువే గానీ ఆ నోటీసు మీద చూస్తే సగం కూడా లేదు. మామయ్య ఈసారి దాన్ని ఒక్కసారే చదివాడు. ఆ తర్వాత బీరువా వెనక్కి జరపబోతే అత్తయ్య ఒప్పుకోలేదు. గోడలో ఆ చెక్కిన చోటు అలాగే ఉంచమంది. ఇంటికొచ్చినవాళ్ళు ఇదేమిటని అడిగితే తనే చెబుతోంది, పాత బడి ఇటుకని, చేత్తో ఏరినవని.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ వీధిలో మిగతా ఇళ్ళకి నోటీసులు అప్పుడప్పుడే వస్తున్నాయి. అత్తయ్య గెలిచిందని తెలిశాక ఆదివారాలు మా ముందుగది ఆఫీసైపోయింది. ఆవిడ దరఖాస్తులు రాస్తుంది. మామయ్య, నేను టేపు పట్టుకుని వెళ్ళి కొలతలు తీసుకొస్తాం. కొలవడం కంటే ఇతర మేస్త్రీల పని చూసి పెదవి విరవడం ఆయనకి ఎక్కువ ఇష్టం. "ఇది గోడా, పడక కుర్చీయా?" "ఈ మూల కట్టినవాడికి ఆ రోజు జ్వరం వచ్చుంటుంది." ఇంటివాళ్ళు నవ్వుతారు, ఎందుకంటే లోపం ఉందంటే వాళ్ళకిప్పుడు ఆశ.

ఓ ఆదివారం వీధి చివరి మంగలి తన ఇల్లు చూడమన్నాడు. ముందు క్షౌరశాల, వెనక రెండు గదులు. అత్తయ్య కూడా వచ్చింది. మామయ్య పక్క గోడ పొడుగునా దారానికి గుండు కట్టి వేలాడదీశాడు. కింద దారానికీ గోడకీ మధ్య అంగుళం తేడా వచ్చింది.

"ఎవడు కట్టాడయ్యా ఇది? కళ్ళు మూసుకుని కట్టాడా ఏం?"

మంగలి అత్తయ్యవైపు చూశాడు. నావైపు చూశాడు. చెవి వెనక గోక్కున్నాడు.

"మీరే మేస్త్రిగారూ. మా నాన్న కట్టించినప్పుడు. మీకప్పుడు ఇరవయ్యో ఇరవై ఒకటో."

దారం చివర గుండు ఊగుతూ ఊగుతూ ఆగింది. మామయ్య గోడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించాడు. ఆ కొసనుంచి ఈ కొసకి నడిచాడు.

"పెద్దమేస్త్రికి ఒంట్లో బాగాలేదు అప్పుడు," అన్నాడు ఎవరితోనూ కాదు, తనలో తనే. "ఈ పక్క నన్ను ఒక్కణ్ణే కట్టమన్నాడు. మొదటి గోడ నాది." అత్తయ్యవైపు తిరిగాడు. "రాసుకో. గోడ వాలు, అంగుళం."

"ఎవరు కట్టారో కూడా రాయనా?"

"రాయి."

ఆవిడ రాసింది.

తర్వాతి ఆదివారం మామయ్య తాపీ, గమేళా, రెండు బస్తాల సిమెంటుతో వాళ్ళింటి ముందు దిగాడు. కప్పుకి గుంజలు ఆనించి, గోడ వాలినంతమేరా విప్పి మళ్ళీ కడతానన్నాడు, కూలి వద్దన్నాడు. మంగలి కంగారుపడిపోయాడు.

"ఇప్పుడొద్దండీ, మీకు దణ్ణం పెడతాను! విచారణ అయ్యేదాకా ఆగండి. గోడ బాగుపడితే నా అప్పీలేం కావాలి?"

"అంగుళం వాలుకి శ్రేణి మారదయ్యా, అది మరమ్మతు లోపం. పన్నుల ఆఫీసు ఆవిడే చెప్పింది. నీ కేసు నేలకి వేసిన పాతబండల మీద నిలబడుతుంది, మా ఆవిడ రాసిపెట్టింది. నువ్వు జరుగు."

మంగలి ఇంక చేసేది లేక కొట్లోంచి తిరిగే కుర్చీ ఒకటి బయటికి లాగి అత్తయ్యకి వేశాడు. నేను ఇసక జల్లించాను. మామయ్య పాత ఇటుకలు ఒక్కొక్కటే ఊడదీసి, తాపీతో కొట్టి చప్పుడు విని, పనికొచ్చేవి కుడివైపు పేర్చాడు. చాలావరకు పనికొచ్చాయి. మధ్యాహ్నానికి గోడ మళ్ళీ కిటికీ ఎత్తుకి లేచింది.